కోడ్ లెక్క తప్పితే దిద్దేదెవరు?

2018 ఏప్రిల్ 22న ఈథీరియం బ్లాక్‌చైన్ మీద నడిచే ‘బ్యూటీచైన్’ టోకెన్ విలువ ఒక్క లావాదేవీతో కుప్పకూలింది. అందుకోసం ఎవరూ పాస్‌వర్డ్ దొంగిలించలేదు, ఏ సర్వర్‌లోకీ చొరబడలేదు. టోకెన్లను బదిలీ చేసే కోడ్‌లో ఒక గుణకారం తప్పింది. ఆ తప్పును ఎవరో కనిపెట్టి వాడుకున్నారు.

నిజానికి టోకెన్ ఎక్కడికీ ప్రయాణించదు. స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చైన్ మీద భద్రపరిచిన ఒక ప్రోగ్రాం. ఏ చిరునామాకు ఎన్ని టోకెన్లు ఉన్నాయో చూపే ఒక పట్టిక దాని దగ్గర ఉంటుంది. బదిలీ చేయమని ఆదేశం రాగానే పంపేవారి నిల్వ సరిపోతుందో లేదో చూస్తుంది, ఒక ఖాతాలో తగ్గిస్తుంది, మరో ఖాతాలో కలుపుతుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో జరిగేదీ ఇదే. కాకపోతే ఇక్కడ రాసేది గుమాస్తా కాదు, కోడ్. రాసినదాన్ని కొట్టివేయడం కుదరదు.

బ్యూటీచైన్ కోడ్‌లో ఒకేసారి పలువురికి టోకెన్లు పంపే వీలుండేది. మనుషుల సంఖ్యను ఒక్కొక్కరికి ఇచ్చే మొత్తంతో గుణించి, అంత నిల్వ ఉందో లేదో అది సరిచూసేది. దాడి చేసినవారు ఇద్దరికి చెరో 77 అంకెల సంఖ్యలో టోకెన్లు పంపమన్నారు. గుణకార ఫలితం కోడ్ దాచుకోగలిగిన అతిపెద్ద సంఖ్యను దాటిపోయింది. స్కూటర్ మీటరు 99999 దాటాక 00000కు తిరిగినట్టు, జవాబు సున్నా అయింది. సున్నా టోకెన్లు ఎవరి దగ్గరైనా ఉంటాయి కదా! కోడ్ సరేనంది. లేని టోకెన్లు పుట్టుకొచ్చాయి. విచిత్రమేమిటంటే, అదే ఫంక్షన్‌లో కూడికకూ తీసివేతకూ ఇలాంటి పొరపాటును అడ్డుకునే జాగ్రత్త తీసుకున్నారు. గుణకారం దగ్గరే మరిచారు.

2020 డిసెంబరులో వచ్చిన సాలిడిటీ 0.8 భాషలో లెక్క హద్దు దాటితే లావాదేవీ దానంతటదే ఆగిపోతుంది. కానీ భాష ఆపలేని పొరపాట్లు ఇంకా ఉన్నాయి. టోకెన్లకు ఉమ్మడి నియమాలుగా 2015లో ప్రతిపాదించిన ఈఆర్‌సీ-20నే చూడండి. వ్యక్తి చిరునామాకు బదులు పొరపాటున ఒక కాంట్రాక్ట్ చిరునామాకు టోకెన్లు పంపితే, వాటిని బయటికి తీసే ఏర్పాటు ఆ కాంట్రాక్ట్‌లో లేకపోతే అవి శాశ్వతంగా చిక్కుకుపోతాయి. కోడ్ దృష్టిలో అది పొరపాటే కాదు. ఆదేశం వచ్చింది, అమలైంది. ఆదేశం వెనకున్న ఉద్దేశం దానికి తెలియదు.

కోడే చట్టం కావాలనేవారి వాదనలోనూ బలముంది. ఎవరో ఒకరికి ఆపే తాళం ఇస్తే, ఆ ఒక్కరినీ నమ్మాల్సి వస్తుంది. అలా నమ్మనవసరం లేకుండా చేయడానికే కదా బ్లాక్‌చైన్ పుట్టింది! అయితే 2016 జూన్‌లో ‘ది డీఏఓ’ అనే కాంట్రాక్ట్ నుంచి సుమారు 36 లక్షల ఈథర్ దారిమళ్లినప్పుడు ఏం జరిగింది? మరుసటి నెలలోనే ఈథీరియం సమాజంలో ఎక్కువమంది నియమాలను మార్చి ఆ సొమ్మును వెనక్కి రప్పించారు. ఒప్పుకోనివారు ఈథీరియం క్లాసిక్‌గా విడిపోయారు. అంటే చివరిమాట అక్కడా మనుషులదే. దిద్దుబాటు దారిని ముందే అందరికీ తెలిసేలా రాసుకోవాలా, ఆపద వచ్చాక వెతుక్కోవాలా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న భారత్‌కు దూరమైనది కాదు. డిజిటల్ రూపాయికి ‘ఈ పనికే వాడాలి’ వంటి షరతులను జోడించే ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం జాతీయ బ్లాక్‌చైన్ ఫ్రేమ్‌వర్క్‌ను ప్రారంభించింది. ఇవి ఈథీరియం వంటి బహిరంగ వ్యవస్థలు కావు, వీటికి బాధ్యత వహించే సంస్థలున్నాయి. అయినా నియమాన్ని కోడ్‌గా రాసేచోట గుణకారం తప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. టోకెన్లు కొన్నవాడు లాభం కోసం తెలిసే సాహసం చేస్తాడు. ప్రభుత్వ సాయం అందుకునే రైతు అలాంటి సాహసానికి ఒప్పుకోలేదు.

అందుకే ప్రజల సొమ్మును కదిలించే ప్రతి కోడ్‌నూ అమలుకు ముందు రాసినవారు కాక వేరేవారు పరీక్షించాలి. ఆ ఫలితాన్ని బయటపెట్టాలి. అత్యవసరంగా ఆపే అధికారం ఎవరిదో, దాన్ని ఎప్పుడు వాడవచ్చో ముందే ప్రకటించాలి. నష్టపోయిన మనిషి తన భాషలో ఫిర్యాదు చేసుకునే చోటు ఉండాలి. కిరాణా ఖాతాలో తప్పు పడితే కొట్టు యజమానిని అడగవచ్చు. కోడ్ రాసే ఖాతాకూ అలా అడగదగిన మనిషి ఒకరుండాలి.