గ్రీన్ టీలో జామపండు పడితే...

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కొంతకాలం క్రితం ఇదే శీర్షికలో ఓ ప్రముఖ నాయిక నాజూకుతనానికి కారణం ఆవిడ పొద్దున్నే తాగే ‘ఆకుపచ్చ గ్లాసు’ అని రాశాను. ఔట్‌డోర్‌లో షాట్‌కీ షాట్‌కీ మధ్య అసిస్టెంటు ఫ్లాస్కులోంచి వంచి ఇవ్వడం, ఆవిడ గొడుగు కింద కూర్చుని గుక్క గుక్కగా తాగడం కళ్లారా చూశాను. గ్రీన్ టీ, అందులో పళ్ల గుజ్జు... మధ్యాహ్నం దాకా ఇంకేమీ తినదుట అని కూడా చేర్చాను. ఆ ‘ట’ నాకు ఎవరు అందించారో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. సినిమా విలేఖరికి ‘ట’ని మించిన నేస్తం ఎవరుంటారు చెప్పండి!

ఆ ముక్క మీలో ఎంతమంది చదివారో గానీ, మా చెల్లెలు మాత్రం చదివింది. (అన్నయ్య రాసేవేవీ చదవని మనిషి, నా ఖర్మకొద్దీ అదొక్కటీ చదివింది.) మర్నాటి నుంచీ మా యూసఫ్‌గూడ వాటాలో ఇడ్లీ పాత్ర అటకెక్కింది. పొద్దున్న ఒక గ్లాసు, మధ్యాహ్నం నాలుగు మెతుకులు. రెండు నెలలయ్యేసరికి మూడంతస్తులు ఎక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడడం మొదలుపెట్టింది. “సన్నబడుతున్నానురా అన్నయ్యా” అని మురిసిపోయింది కూడా! రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. ఆడవాళ్లకి పన్నెండుకు తగ్గకూడదు. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాశారు. నెల తర్వాత మళ్లీ చూస్తే... తొమ్మిదే!

“మాత్ర దేంతో మింగుతున్నావమ్మా?” అనడిగారావిడ.

“గ్రీన్ టీతోనండీ. ఎలాగూ పొద్దున్నే తాగుతా కదా అని...”

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

సంగతేమిటంటే, టీ ఆకులో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఇనుముని గట్టిగా పట్టేసుకుంటాయి. పట్టుకున్న ఇనుముని పేగులు పీల్చుకోలేవు. మాత్రలోని ఇనుమైనా, ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమైనా అదే గతి. గ్రీన్ టీయే కాదు, మన మామూలు టీకి కూడా ఈ గుణం ఉంది. అంచేత టీకి, ఐరన్ మాత్రకి మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. భోజనానికీ అంతే. ఇదేమంత చిన్న విషయం కాదు సుమా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ పేజీ తిప్పుతున్న చేతుల్లో ఎన్నింటికి ఉందో!

ఇప్పుడు మా చెల్లెలు మాత్రని మంచినీళ్లతో పొద్దున్నే వేసుకుంటోంది. గ్లాసు సాయంత్రం అయిదింటికి మారింది. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. గ్లాసు మానెయ్యలేదేం అంటారా? ఎందుకు మానాలి? రుచిగా చేస్తే ఎండాకాలం దానికి సాటి వచ్చే పానీయాలు తక్కువ. అయితే రుచిగా చెయ్యడం నాకు ఒక పట్టాన రాలేదు.

మొదటిసారి మన టీ కాచినట్టే కుతకుతలాడించాను. వేపాకు కషాయం తయారైంది! గ్రీన్ టీకి మరీ మరుగుతున్న నీళ్లు పడవు. రెండోసారి ఆ తప్పు దిద్దుకుని, వేడివేడి టీని పళ్లముక్కలతో సహా మిక్సీలో పోసి మీట నొక్కాను. లోపలి ఆవిరి మూతని లేపి అవతల పారేసింది. పై కప్పుకి అంటుకున్న జామ గింజలు ఇప్పటికీ రెండు మూడు కనిపిస్తాయి. చల్లారనిదేదీ మిక్సీలో మూత బిగించి తిప్పకూడదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. నాకు అప్పుడు తెలిసింది.

అన్నట్టు, మిక్సీ గొడవ వచ్చింది గనక మన పత్రికకి తగ్గ ముచ్చట ఒకటి చెబుతాను. అమెరికాలో ఈ బ్లెండరుని ఇంటింటి వస్తువు చేసినవాడు ఇంజనీరు కాదు, బ్యాండు మేళం నాయకుడు! ఫ్రెడ్ వేరింగ్ అని, రేడియోలో మారుమోగిపోయిన సంగీత విద్వాంసుడు. 1937లో వార్నర్ వారి ‘వర్సిటీ షో’ సినిమాలో తన బృందంతో సహా నటించాడు. ఫ్రెడరిక్ ఓసియస్ అనే ఆయన తయారుచేసిన యంత్రానికి డబ్బు పెట్టి, బాగు చేయించి, అదే 1937లో బజార్లోకి తెచ్చాడు. దానికి తన పేరే పెట్టుకున్నాడు. కచేరీలకి ఊళ్లు తిరుగుతూ దాన్ని కూడా వెంటబెట్టుకెళ్లి అమ్మించాడట. (మళ్లీ ‘ట’ వచ్చింది గానీ, ఇది నలుగురూ రాసినదే లెండి.)

సరే, అసలు విషయానికొద్దాం. ఇద్దరికి సరిపడా లెక్క చెబుతున్నాను. ఒకటిన్నర గ్లాసు నీళ్లు మరిగించి, దించి, అయిదు నిమిషాలు అలా వదిలెయ్యండి. పొంగు తగ్గి, ఎనభై డిగ్రీల దగ్గరకొస్తాయి. అప్పుడు రెండు చెంచాల గ్రీన్ టీ ఆకు వేసి మూతపెట్టి, రెండు మూడు నిమిషాల్లో వడకట్టెయ్యాలి. సంచీ రకమైతే తీసేటప్పుడు పిండకండి, చేదంతా అక్కడే ఉంది. ఈ టీలో సగం ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించండి. మామూలు ఐసు వేస్తే పానీయం పలచబడి నీళ్లనీళ్లగా ఉంటుంది, ఈ టీ ఐసుతో ఆ బాధ లేదు. మిగతా సగం ఫ్రిజ్‌లో చల్లబడనివ్వండి.

ఇక పండు. దోరగా కాక, బాగా పండి వాసనొచ్చే జామపండు పెద్దది ఒకటి. ముక్కలు చేసి కొంచెం చల్లటి టీతో మిక్సీలో తిప్పి, జల్లెడలో పోసి గరిటెతో రుద్దండి. గింజలు పైన ఉండిపోతాయి. ఆ గుజ్జు, మిగతా టీ, టీ ఐసు ముక్కలు, అరచెక్క నిమ్మరసం, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు ఉప్పు కలిపి మళ్లీ ఒక తిప్పు. అంతే! జామలో సి విటమిన్ నారింజకంటే కనీసం మూడు రెట్లు ఎక్కువ. గుజ్జు చిక్కదనం కూడా తనంత తానే వస్తుంది. మామిడి రోజుల్లో అయితే బంగినపల్లి ముక్కలు గడ్డకట్టించి వెయ్యండి, టీ కాస్త గట్టిగా పెట్టండి. పంచదార మాట ఎత్తకండి.

అందరూ అరటిపండు వెయ్యమంటారు. నేనూ వేసేవాణ్ని. అయితే 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వాళ్లు ప్రచురించిన పరిశోధన ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. కోసిన అరటిని నల్లబరిచే ఎంజైము ఉందే, అది కోకోలోని ఫ్లేవనాల్స్‌ని చాలావరకు చెడగొట్టేస్తోందట. అరటి కలిపిన పానీయం తాగినవాళ్ల ఒంట్లో అవి, విడిగా గొట్టం మాత్రగా మింగినప్పటికంటే 84 శాతం తక్కువ కనిపించాయి. గ్రీన్ టీలో మనం వెతుక్కునేవి కూడా ఆ జాతి పదార్థాలే. వాళ్లు పరీక్షించింది టీని కాదు, నిజమే. అయినా టీ సుగుణాలకోసం తాగేవాళ్లు అరటిని విడిగా ఒలుచుకు తింటే పోయేదేముంది?

మరి నాజూకుతనం? 2012లో కాక్రేన్ సంస్థవారు పరిశోధనలన్నీ పోగేసి చూసి, గ్రీన్ టీతో తగ్గే బరువు లెక్కలోకి వచ్చేంత కాదని తేల్చారు. త్వరగా తగ్గుదామని గ్రీన్ టీ సారం మాత్రలు కొనేవాళ్లకి మరో మాట. రోజుకి 800 మిల్లీగ్రాముల కేటకిన్స్, ఆపైన మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి చేటు కావచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కాచుకు తాగే టీకి అంత భయం లేదు.

డాక్టరమ్మ దగ్గర తలవంచుకుని వచ్చిన ఆ వారంలోనే, కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఆ నాయిక మేకప్ అసిస్టెంటు తగిలాడు. ఉండబట్టలేక అడిగేశాను, “నిజంగా ఆవిడ ఆ గ్లాసు మీదే ఉంటుందా?” అని.

“అయ్యో, మీరు గ్లాసు చూసి వెళ్లిపోయారు సార్! అరగంటకి రెండిడ్లీ, రెండు కోడిగుడ్లు తినకపోతే ఆవిడ షాట్‌కి లేవరండీ!”

ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్టూలు తెచ్చి నా ముందు పెట్టి, “అటక మీంచి ఇడ్లీ పాత్ర దించు. నాకు మాత్రం నాలుగు” అంది.