కొలువును చదువును

ఉద్యోగము చేయుచు పైచదువు చదువుట మేలా, కాదా యను ప్రశ్న యీనాడు మహానగరములకే పరిమితమై లేదు. సోమశిల దాపున నున్న మా ఆత్మకూరు వంటి చిన్న పట్టణములందును బడిపంతులమ్మలు, బ్యాంకు గుమాస్తాలు, సచివాలయములలో పనిచేయు యువతులు పగలెల్ల కొలువు చేసి, రాత్రి పుస్తకము విప్పుచున్నారు. "జీతము మాది, మనసు పుస్తకముది. పట్టము చేతికి రాగానే యెగిరిపోవుదురు" అని యజమానులు గొణుగుదురు. "మా సొమ్ముతో, మా నిద్ర చెఱుపుకొని చదువుకొన్న మీకేమి నష్టము?" అని ఉద్యోగినులు బదులు పలుకుదురు. సోదరీమణులారా! ఈ తగవును కొంచెము నిదానించి విచారింతము.

ఇందుకు మన తెలుగువారికి దూరపు నిదర్శనముతో పనిలేదు. బాల్యముననే తండ్రిని గోల్పోయిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై చేరి, చిన్న తరగతికి చరిత్ర చెప్పుచుండిరి. కొలువు విడిచి కళాశాలకు పోవు వీలు లేకపోయెను. అందుచేత బడి చెప్పుచునే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, ఆ తరువాత దాదాపు పదియేండ్లకు బి.ఏ. పరీక్షను గడచిరి. ఆ పాఠశాల కళాశాలగా పెరిగినపుడు పై తరగతులకు పాఠము చెప్పు నవకాశ మాయనకు లభించెను. రాజావారి సంస్థకు తగిన యధ్యాపకుడు తన యింటనే దొరకెను. పంతులుగారికి పెద్ద తరగతి దొరకెను. చదువు రుచి మరగిన యా మనస్సు అంతటితో నిలువక, సవరల భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించినది. వాడుకభాషకై పోరాడిన మహనీయుని పేరు గ్రాంథికమున వ్రాయు నేనెత్తుట చూచి కొందఱు నవ్వుదురేమో! భాషావాదము లెట్లున్నను, కొలువులో నుండి చదువుకొనువారి కందఱకును ఆయన గురువే.

యజమానుల భయమునకును కారణము లేకపోలేదు. గేరీ బెకరు అను అమెరికా అర్థశాస్త్రవేత్త 1964లో ప్రకటించిన గ్రంథమున ఈ చిక్కును చక్కగా విడదీసి చూపినాడు. ఒక్క సంస్థకే పనికివచ్చు నేర్పు వేఱు. ఎక్కడికి పోయినను వెంట వచ్చు నేర్పు వేఱు. రెండవదానికి యజమాని ధనము వెచ్చించిన, ఫలమును మఱియొక యజమాని యనుభవింపవచ్చును. కావున దాని వ్యయము నేర్చుకొనువాడే భరించునని యాతని వాదము. పట్టము ఇట్టి వెంట వచ్చు నేర్పే కదా! అయినను ఆ దేశముననే అనేక సంస్థలు తమ యుద్యోగుల కళాశాల రుసుమును తామే చెల్లించుచున్నవి. ఇది యేల యని పీటరు కపెల్లి యను పండితుడు పరిశీలించి, చదువుకు సాయపడు సంస్థలలో మంచి పనివారు చేరుదురనియు, వారు హెచ్చుకాలము నిలిచియుందురనియు 2004లో తెలిపెను. తలుపు తెఱచియుంచిన యింటినుండి అందఱును పాఱిపోరని దీనివలన తెలియుచున్నది.

తలుపు మూసిన యింటి సంగతియు చెప్పెదను. మా యెఱుకలోని యొక సోదరి ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుచు, దూరవిద్య ద్వారా ఎం.ఏ. చదువుచుండెను. పరీక్షలు జూను మాసమున వచ్చినవి; మన బడులు తెఱచునదియు ఆ నెలలోనే. ఆఱు దినములు సెలవడిగినది. యాజమాన్యము ఈయలేదు. జీతము కోసికొనియైన నిమ్మన్నను ఈయలేదు. ఆమె పరీక్షను డిసెంబరునకు వాయిదా వేసికొని, ఆ యేడు ముగియగానే వేఱొక బడిలో చేరినది. ఆఱు దినములు మిగుల్చుకొన్న బడి, ఆఱేండ్ల యనుభవముగల యుపాధ్యాయినిని పోగొట్టుకొన్నది. ఆమె వద్ద చదువుచున్న పిల్లల నష్టమును ఎవరు లెక్క వేసిరి?

చదువు మార్గములు నేడు పంతులుగారి కాలముకంటె సులువైనవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే ఉత్తరముల ద్వారా బోధించుట మొదలిడెను. 1982లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము మన దేశమున అట్టివానిలో మొదటిది. తరువాత దానికి అంబేద్కరుగారి పేరు పెట్టిరి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయ మేర్పడినది. దీని ఎం.ఏ. రెండేండ్ల చదువేయైనను నాలుగేండ్లలో ముగింపవచ్చును. పరీక్షలు ఏటికి రెండుమాఱులు, జూనునను డిసెంబరునను జరుగును. ఇంటి యిబ్బందులుగల స్త్రీలకు ఈ వెసులుబాటు గొప్ప వరము. అయితే రుసుము కట్టకముందే, ఆ విశ్వవిద్యాలయమునకును ఆ చదువునకును విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి యంగీకారము గలదో లేదో తప్పక విచారింపవలెను. గుర్తింపులేని పట్టము గోడకు అలంకారమే గాని కొలువునకు అక్కఱకు రాదు.

ఇంతవరకు పనిచేయువారి లాభమును, పనియిచ్చువారి లాభమును చూచితిమి. కాని యీ లెక్కలో మూడవ ఖాతా యొకటి గలదు. అది యిల్లు. మావారు బడిపంతులుగా నుండి ఎం.ఏ. చదివిన రెండేండ్లు సాయంకాలమైన పిల్లలు నోరెత్తకుండ కాచితిని. వారు రాత్రి మేలుకొన్నంతసేపు వంటయింట దీపమార్పలేదు. నిష్ఠూరమునకై చెప్పుట కాదు. ఆ చదువు వలన మా యింటికి మేలే కలిగినది. అయినను మగవాడు చదివిన ఇల్లాలు ఆ వ్యయమును భరించును. ఇల్లాలే చదివినచో? అంట్లు తోమి, పిల్లలను నిద్రబుచ్చి, తెల్లవాఱుజామున లేచి తానే భరించును. కొలువు ఒకటి, ఇల్లు ఒకటి, చదువు ఒకటి యని మూడు బరువులు ఒక్క తలపై పడుచున్నవి. అర్ధములో చదువు మానివేయు స్త్రీని "పట్టుదల లేనిది" అందురు. ఆమె తలపై బరువు నెవ్వరు చూచిరి?

భారతమున అరణ్యపర్వమునందలి కౌశికుని కథ మీరందఱు ఎఱుగుదురు. గొప్ప వేదాధ్యయనపరుడైన యాతనికి మొదట ధర్మము తెలిపినది గృహకృత్యములలో నున్న యొక యిల్లాలు. పిమ్మట తెలిపినవాడు మాంసమమ్ముకొని జీవించు ధర్మవ్యాధుడు. పనిలో నున్నవారికి జ్ఞానము దూరము కాదని యా కథ చెప్పుచున్నది. ఆ వ్యాధుడే, ముసలి తలిదండ్రుల యనుమతి లేక వారిని విడిచి చదువునకై వచ్చితివని కౌశికుని మందలించి, తిరిగి పొమ్మనెను. ఇంటివారితో మాటాడక, వారిని కలుపుకొనక చేసిన చదువు కొఱతపడునని నేను దీనినుండి గ్రహించుచున్నాను. ఈ నీతి స్త్రీలకు మాత్రమే యనుకొనవలదు, కౌశికుడు పురుషుడు!

కావున నా మనవి యిది. చదువ దలచిన సోదరి పరీక్షల నెలలను యజమానికి ముందే తెలిపి, సెలవు మాట తేల్చుకొనవలెను; సాయము పొందినచో పట్టము వచ్చిన పిమ్మట కొన్నేండ్లైన అచ్చట నిలుచుట న్యాయము. యజమానులు పట్టము వచ్చినవారికి తగిన పనియు జీతమును చూపవలెను. పాత కుర్చీలోనే కూర్చుండబెట్టినచో పోయినవారిని నిందింపరాదు. ఇంటివారు చదువు సాగినన్నాళ్లు ఏ పని యెవరు చేయుదురో పంచుకొనవలెను. పురుషుడు అన్నము వండిన అన్నము చేదెక్కదు. ఈ మూడు మాటలు కుదిరిన పిదపనే రుసుము కట్టుడు. కుదిరినచో నాలుగేండ్లు పట్టినను వెనుదీయకుడు. ఒక్క పట్టమునకై పంతులుగారు పదియేండ్లు ఓపిక పట్టలేదా!