దోనెయాత్రలో మార్గదర్శి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దు వెంబడి, పది లక్షల ఎకరాలకు మించిన అరణ్యం ఒకటి ఉన్నది. దానిని బౌండరీ వాటర్స్ అంటారు. హిమయుగంలో మంచు రాతిని దొలిచి విడిచిన పల్లాలలో ఏర్పడిన సరస్సులు అక్కడ వెయ్యికి పైగా కలవు. ఒక సరస్సునుండి మరొక సరస్సుకు రోడ్డు లేదు; అనేక చోట్ల నీటిదారియైనా లేదు. ప్రయాణికుడు దోనె దిగి, సామాను వీపున కట్టుకొని, దోనెను బోర్లించి భుజాల మీదికెత్తుకొని, అడవిబాటన ఆవలి సరస్సుదాకా నడువవలసిందే. ఆ మోతబాటను పోర్టేజి అంటారు. దాని పొడవును మైళ్లలో గాక 'రాడ్'లలో లెక్కిస్తారు. ఒక రాడ్ 16.5 అడుగులు, అనగా ఇంచుమించు ఒక దోనె పొడవు.

మన కొల్లేటి తాటిదోనెను ఎరిగినవారికి దోనెను ఒక్క మనిషి మోయడమేమిటన్న సందేహం కలుగవచ్చును. ఆ ప్రాంతపు ఆదివాసులైన ఓజిబ్వేలు భూర్జవృక్షపు బెరడుతో తేలికైన దోనెలు నిర్మించేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అల్యూమినియం దోనెలు వచ్చినవి. నేడు కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన దోనె ఇరవై కిలోల లోపే తూగుతుంది.

ఈ సరస్సులలోకి మార్గదర్శితో కూడిన చిన్న బృందాలు ప్రతి వేసవిలో వెళ్తుంటవి. దీనిపై ఒక ఆక్షేపణ చిరకాలంగా వినబడుతున్నది. అరణ్యానికి పోవడం మనిషి తన్ను తాను పరీక్షించుకొనడానికి గదా, రుసుము చెల్లించి దారి చూపేవానిని వెంటబెట్టుకొని పోతే అది సాహసమెట్లవుతుంది అని. ఈ వాదాన్ని మేము అంగీకరించలేము.

మొదటిది, ఆ సరస్సులపై ఒంటరి వీరుని కథ చరిత్రలో అరుదు. పద్దెనిమిదవ శతాబ్దంలో బొచ్చుతోళ్ల వర్తకానికై అక్కడ తెడ్లు వేసిన ఫ్రెంచి-కెనడియన్ పడవవాండ్రు జట్లు జట్లుగా ప్రయాణించారు. మోతబాటపై ఒక్కొక్కరు తొంబై పౌన్ల మూటలు రెండేసి ఒకేసారి మోసేవారు. వారికి ఆ దారులు చూపినవారు, దోనె కట్టడం నేర్పినవారు ఆదివాసులే. దారి పుట్టిననాడే దారి చూపే మనిషి కూడా ఉన్నాడు.

రెండవది, మార్గదర్శి పని కేవలం దారి చూపడమని తలచడం పొరపాటు. పటమూ దిక్సూచీ చదవడం ఎవరైనా కొన్ని రోజులలో నేర్వవచ్చును. దీవులూ అఖాతాలూ ఒకదానినొకటి పోలి ఉండే ఆ నీటిపై అది కూడా చిన్న విద్య కాదనుకోండి. దానికంటె కష్టమైనది గాలిని చదవడం. పెద్ద సరస్సులపై మధ్యాహ్నానికి గాలి లేచి అలలు దోనె అంచును దాటవచ్చును. ఎరిగిన మార్గదర్శి తెల్లవారకముందే బయలుదేరదీస్తాడు. గాలి లేస్తే ఒడ్డున కూర్చోబెడతాడు. పడుచువాండ్రు విసుగుకొన్నా, గొణిగినా, కదలడు. 'నేడు పోము' అని చెప్పగల అధికారమే అతని విద్యకు సారమని మా అభిప్రాయం.

ఈ మాట దూరదేశపు మాట కాదు. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిపై కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు నది వరద మీద ఉన్నది. ఎవరి బాధ్యత ఎంతయో నిర్ణయించడం మా పని కాదు. నీటిపైకి పిల్లలను తీసుకొనిపోయే ఏ సంస్థయైనా, వెనుదిరగమని శాసించే వ్యక్తి ఎవరన్నది బయలుదేరకముందే తేల్చుకొనవలెనని మాత్రం చెప్పక తప్పదు.

మూడవది మాకు అన్నింటికంటె ముఖ్యమైనది. 1970 దశకంలో ఈ సరస్సులపై మోటారు పడవలను నియంత్రించవలెనా అన్న వివాదం చెలరేగినది. మోటార్లు తీసివేస్తే వికలాంగులకూ వృద్ధులకూ అరణ్యం మూతబడుతుందని ఒక పక్షం వాదించింది. 1977లో కొందరు యువకులు చక్రాల కుర్చీ వాడేవారినీ, వినికిడి లేనివారినీ కలుపుకొని తెడ్ల దోనెలలోనే యాత్ర చేసి వచ్చారు. ఆ అనుభవం నుండి మరుసటి సంవత్సరం వైల్డర్‌నెస్ ఇంక్వైరీ అనే సంస్థ వెలసింది. అదే 1978లో వచ్చిన చట్టం మోటార్లను చాలా సరస్సులనుండి తొలగించింది. బృందమూ, తెలిసిన మార్గదర్శీ లేకుంటే ఆ యాత్ర సాగేదేనా? ఒంటరి సాహసాన్నే ఆదర్శంగా నిలిపేవారు బలిష్ఠులకు మాత్రమే అడవిని రాసి ఇస్తున్నారు.

అయితే మార్గదర్శి ఉన్న ప్రతి యాత్రా మంచిదనడం లేదు. అతడే వండి, అతడే మోసి, అతడే గుడారం వేసి, యాత్రికులను అల్లుళ్లవలె కూర్చోబెట్టే యాత్రలూ కలవు. అవి విద్య క్రిందికి రావు. ఖర్చు సంగతి సరేసరి. సాధారణ కుటుంబపు విద్యార్థికి అది అందని పండే. అక్కడి నియమం ఒకటి మాకు నచ్చింది. ఒక అనుమతిపై తొమ్మండుగురికి మించరాదు, నాలుగు దోనెలకు మించరాదు. తొమ్మండుగురిలో పని తప్పించుకొనే మనిషి దాగలేడు. డబ్బాలలో, సీసాలలో ఆహారం తేరాదన్నది మరొక నియమం. మన విహారస్థలాలలో చెట్ల క్రింద పేరుకొన్న సీసాలను చూచినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

సిగర్డ్ ఓల్సన్ అనే రచయిత పేరు ఇక్కడ స్మరించదగినది. ఆయన ఈలీ పట్టణంలోని జూనియర్ కళాశాలలో అధ్యాపకుడు, 1936 నుండి 1947 వరకు డీన్. వేసవులలో దోనెయాత్రలకు మార్గదర్శి. తరగతిగదీ తెడ్డూ ఒకే చేతిలో ఇమిడినవి. అటువంటి అధ్యాపకులు మనకు లేరని మేమనుకోము. వారికి అవకాశం ఇవ్వడమే లేదు. మన విహారయాత్ర అనగా రెండు బస్సులు, ఒక పాటల పెట్టె, దిగినచోటనల్లా ఒక ఛాయాచిత్రం.

కాబట్టి కళాశాల కమిటీవారికి మా విన్నపం. అమెరికా సరస్సులకు పంపమని అడుగుట లేదు. వచ్చే సంవత్సరం రెండు బస్సులకు బదులు తొమ్మండుగురేసి విద్యార్థుల చిన్న బృందాలను ఏర్పరచండి. ఈత రాని వారికి ముందుగా ఈత నేర్పించండి. నీటి దరికి పోయేనాడు తలకొక ప్రాణరక్షక కవచం ఉన్నదో లేదో అధ్యాపకులు స్వయంగా లెక్కించవలెను. నడక మొదటి రోజున పటం అధ్యాపకుని చేతిలో ఉండవచ్చును. చివరి రోజున మాత్రం అది విద్యార్థుల చేతికి రావలెను.