మాట యిచ్చిన దాతలు

దానము చేసెదనని పేరు వ్రాయించుట సులభము. పిలుపు వచ్చిననాడు లేచి నిలుచుట కష్టము. మన విశాఖపట్టణమున చెంపలోపల దూదిపుల్ల రాచి యిచ్చి, రక్త మూలకణ దాతల పట్టికలో చేరిన యువజనులు గలరు. వారిని మే మభినందించుచున్నాము. అయినను వారితో నొక మాట చెప్పవలసియున్నది.

రక్తపు క్యాన్సరు, తలసీమియా మున్నగు వ్యాధులకు లోనైన పెక్కుమందికి మూలకణముల మార్పిడియే స్వస్థతకు దారి. ఒక తోబుట్టువు పూర్తిగా సరిపడుటకు నాలుగింట నొకపాలే యవకాశము. తక్కినవారిలో పెక్కుమంది పరుల వంక చూడవలయును. కణముల గుర్తులు వంశానుగతములు గనుక తెలుగువానికి తెలుగువారిలో జోడు దొరకుట కవకాశ మెక్కువ. చెన్నపురిలో 2009లో నెలకొన్న దాత్రి సంస్థ యిట్టి పట్టికను నడుపుచున్నది. కాని జోడు దొరికి పిలిచిన నేమగును? ఉద్యోగమునకై హైదరాబాదో అమెరికాయో చేరినవాడు క్రొత్త చిరునామా తెలుపడు, ఫోను పలుకదు, లేదా ఇంటివారు వలదన్నారని వెనుదీయును.

భయమేల? నేడు పెక్కుపట్ల ఎముకను ముట్టనే ముట్టరు. నాలుగైదు దినములు సూదిమందు వేసి, పిమ్మట కొన్ని గంటలు రక్తమును యంత్రము గుండ నడపి, మూలకణములను మాత్రము గ్రహించి, మిగిలినదానిని తిరిగి దేహమునకే యిత్తురు. కొన్నాళ్లు ఒంటినొప్పులును తలనొప్పియు నుండవచ్చును. ఇచ్చిన కణములను దేహము కొలదివారములలో మరల పుట్టించుకొనును.

రోగి స్థితి యట్టిది కాదు. మార్పిడికి ముందు తీవ్రమైన మందులతో వాని మూలుగను నశింపజేయుదురు. ఆపైన దాత తప్పుకొనినచో రోగికి వెనుకకు దారి లేదు.

1872 నాటి ఒడంబడికల చట్టము ననుసరించి ప్రతిఫలము లేని వాగ్దానము సాధారణముగా చెల్లదని న్యాయస్థానముల నెరిగిన మాకు తెలియును. దాతను నిర్బంధించు శాసనము లేదు, ఉండగూడదు. అందుచేతనే యీ మాటకు ధర్మమొక్కటియే జామీను. మనసు మారినవారు నేడే పేరు తీయించుకొనుట తప్పు కాదు. తుదిగడియలో తప్పుకొనుట మాత్రము ఘోరము.

1966లో ఉక్కు కర్మాగారమునకై ప్రాణములర్పించినవారి పట్టణ మిది. ఇప్పుడడుగునది ప్రాణము కాదు, కొలది దినముల కాలము. పేరిచ్చిన సోదరసోదరీమణులారా! ఈ వారముననే మీ చిరునామాను సరిచేయించుడు. ఇంటివారికి ముందే తెలిపి యొప్పింపుడు. పిలుపు వచ్చిననాడు మీరు నిలిచెదరని మా విశ్వాసము.