కోడింగ్‌కు ఫీజే అక్కర్లేదు



చిన్నపిల్లలకు కోడింగ్ అనవసరమని, అదంతా ఫీజుల వ్యాపారమని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. వేలకు వేలు గుంజే కోర్సుల మీద ఆయన కోపం న్యాయమే. ఆ కోపంతో ఉచితంగా దొరికే చదువును కూడా కాదంటే నేనొప్పుకోను.

ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో పిల్లల కోసం విడుదల చేసిన స్క్రాచ్ అనే కోడింగ్ సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. ఒకసారి కంప్యూటర్లో ఎక్కించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. రంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి తగిలించాలి, అంతే. ‘ముందుకు నడువు, 90 డిగ్రీలు తిరుగు’ అని నాలుగుసార్లు చెప్తే చతురస్రం వస్తుంది. ఒక్కోసారి 10 డిగ్రీలు జరుపుతూ అలాంటివి 36 గీయిస్తే తెర మీద ముగ్గు విచ్చుకుంటుంది. ‘90 తీసి 60 పెడితే?’ అని పిల్లలే అడుగుతారు. కోణాలు అక్కడే వంటబడతాయి.

దీన్ని నేర్పగలవాళ్లూ దగ్గర్లోనే ఉన్నారు. మా భైంసా పక్కనే బాసరలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లె పిల్లల కోసం పెట్టిందే. పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్ల పిల్లలు పది పాసై అక్కడికి వెళ్లాకే మొదటిసారి మౌస్ పట్టాలా? అక్కడి విద్యార్థులు సెలవుల్లో భైంసా, ముథోల్, కుభీర్ సర్కారు బడులకొచ్చి నేర్పేలా అధికారులు చూడాలి. మరాఠీ, ఉర్దూ మాట్లాడే పిల్లలనూ కలుపుకోవాలి. తాళం పడ్డ కంప్యూటర్ గది ఏ బడిలో ఉన్నా ముందు దాన్ని తెరిపించండి.

- ఒక పాఠకుడు, భైంసా