పత్తికి తూకమొక్కటే కొలతా?



పత్తిని మీరు గింజతో సహా తూచి అమ్ముచున్నారు. మిల్లుకు కావలసినది దూది. మన పత్తిలో దూది సుమారు మూడవ వంతే, తక్కినది గింజ. గింజకు నూనె, చెక్కల విలువ ఉన్నను, అది దూది విలువకు సాటి రాదు. అయినను ఏ విత్తనము మంచిదని అడిగినచో, "ఎకరమునకు ఇన్ని క్వింటాళ్లు" అనియే చెప్పుదురు. ఈ కొలత చాలదని నా అభిప్రాయము.

ఒక లెక్క చూడుడు. ఒక రకము ఎకరమునకు 10 క్వింటాళ్లు పండి, నూటికి 33 వంతుల దూది నిచ్చినచో, దూది 330 కిలోలు. మరియొకటి 9 క్వింటాళ్లే పండి, నూటికి 38 వంతులిచ్చినచో 342 కిలోలు. తూకముపైననే ధర కట్టినచో, ఎక్కువ దూది పండించిన రైతుకే తక్కువ డబ్బు!

దూది పోగు ఒక్కొక్కటి గింజ పైపొరలోని ఒకే కణము సాగి ఏర్పడును. పోగులెన్ని, ఎంత పొడవు, ఎంత మందము అనునవి అనేక జన్యువులు కలిసి నిర్ణయించును. కాయల సంఖ్య వానను, ఎరువును, పురుగును బట్టి చాల మారును. దూది శాతము మాత్రము చాలవరకు విత్తనముతో వచ్చు గుణము. 2002లో మన దేశమున అనుమతి పొందిన బి.టి. పత్తిలోని జన్యువు కాయతొలుచు పురుగుల నుండి రక్షణకే గాని, గింజపై దూదిని పెంచుటకు కాదు.

అయితే శాతమొక్కటే చూచి మోసపోరాదు. నూరు గింజలు 10 గ్రాములు, వాటి దూది 5 గ్రాములైనచో నూటికి 33. గింజలు 8 గ్రాములై, దూది అదే 5 గ్రాములైనచో నూటికి 38. గింజ చిన్నదైనది గాని, దానిపై దూది పెరుగలేదు.

కనుక ఒకే చేనిలో రెండు రకములు ప్రక్కప్రక్కన వేయుడు. ఆరోగ్యమైన కాయల నుండి తీసి ఆరబెట్టిన పత్తిలో నూరు గింజలు చేతితో ఒలిచి, దూదిని, గింజను వేరువేరుగా చిన్న త్రాసులో తూచుడు. దూది శాతముతో ఎకరపు దిగుబడిని లెక్కించిన ఎకరమునకు దూది ఎంతయో తేలును. గెలిచిన రకము హైబ్రిడ్ అయినచో, దాని గింజ దాచి విత్తకుడు. మరుతరములో గుణములు చెదరిపోవును.

గ్రామోద్యోగులు ఈ లెక్కలను వ్రాసి ఉంచవలెను. కొనువారు దూది శాతమును ధరలో చేర్చవలెను. మనము దేనికి వెల కట్టుదుమో, విత్తనములు ఆ దిక్కునకే పెరుగును.