అగ్నిశిఖ పెడతరా? మొదలు లెక్క చూడుండ్రి

అగ్నిశిఖ, అదే అడవినాభి గింజలల్ల కాల్చిసిన్ ఉంటది, గౌట్ కీళ్లనొప్పి మందుకు వాడుతరు. తమిళనాడుల దిండిగల్, కరూర్ రైతులు పండిస్తున్నరు. అబద్ధం కాదు.

కానీ అది రాళ్లల్ల పెరిగే తీగ. రేగడిల నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతది. మొలిచే కన్ను గడ్డ కొసకే ఉంటది, కొస విరిగితే మొలవదు. పాకడానికి ఆసరా కట్టాలె, మంచిగ కాయ పట్టాలంటే పుప్పొడి చేత్తోని అద్దాలె. కూలి లెక్క ఎవరు చెప్తున్నరు? పైగా గడ్డ విషం, పిల్లలు, పశువులు జాగ్రత్త.

ఓపెన్‌కాస్టుకు పోంగ మిగిలిన ఎకరం, రెండెకరాలతోని జూదం ఆడొద్దు. కొనేటోడు కాగితం రాసిచ్చినంకనే గరుసు చెల్కల రెండు గుంటలు పెట్టి చూడుండ్రి. విత్తనం కోసం రామగిరి అసొంటి గుట్టలల్ల అడవి గడ్డలు మాత్రం తవ్వకుండ్రి. గడ్డ పోతే ఆ తీగే పోతది.